నిమ్మళమైన దేశం

నా చిన్నప్పుడు పరదేశమంటే కోదాడ అవతలే. మాది గరిడేపల్లి, నిజాం రాజ్యం. కోదాడ దాటి కొంత దూరం పోతే సుంకం నాకా ఉండేది. దాని అవతల ఇంగ్లీషువాళ్ళ పాలన. అక్కడ రూపాయి వేరు, చట్టం వేరు. అటువైపు సంతలో కొన్న చీరలకు సుంకం కట్టాల్సి వస్తుందని మా ఊరి ఆడవాళ్ళు వాటిని ఒకదాని మీద ఒకటి కట్టుకుని నాకా దాటేవాళ్ళట. "ఒక్కొక్కామె గడ్డివామంత లావై వస్తుండె" అని మా నాయన చెప్పి నవ్వేవాడు.

యాభై ఆరులో రెండు వైపులూ కలిసి ఒకే రాష్ట్రమైంది. ఆ రోజు కోదాడలో బెల్లం పంచితే మా నాయన రుమాల్లో కట్టుకొచ్చాడు. "ఇగ సరిహద్దు లేదు బిడ్డా, ఏడికి పోయినా మనదే" అన్నాడు. బెల్లంతోపాటు ఆ మాటను కూడా మింగాను. కొన్నేళ్ళకు ఆ సరిహద్దు అవతల జగ్గయ్యపేట దగ్గరి ఊరి అబ్బాయికే నన్నిచ్చి పెళ్ళి చేశారు. ఆయన సైన్సు చదువుకున్నారు. సూర్యాపేట హైస్కూల్లో ఉద్యోగం వచ్చింది. అక్కడే కాపురం పెట్టాం.

మేమున్నది గింజల వ్యాపారుల ఇంట్లో. ముందు వాళ్ళ దుకాణం, వెనక రెండు గదులు మావి, మా వాకిలి పక్క సందులోకి. ఎప్పుడూ గోనెసంచుల వాసన, కందుల వాసన. దుకాణం నడిపే ఆయన తల్లి ముసలామె, నేను అవ్వా అని పిలిచేదాన్ని. మా అమ్మాయి ఆ ఇంట్లోనే పుట్టింది. పురిటిస్నానం చేయించింది ఆ అవ్వే. మా ఆయన "అట్లా కాదండీ" అంటే, ఆ మాట తీరుకు ఆమె ముచ్చటపడి మళ్ళీ చెప్పించుకునేది.

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం లేచింది. ఇక్కడి ఉద్యోగాలు ఇక్కడివాళ్ళకే రావాలని పిల్లలు బడులు వదిలి రోడ్డెక్కారు. ఆ కోరికలో తప్పేముందని మా ఆయనే అనేవారు. మా పెదనాయన కొడుకు డిగ్రీ చదివి ఊళ్ళో పశువుల వెంట తిరుగుతున్నాడు. "నేను చేస్తున్న ఉద్యోగం మీ అన్నయ్యదే కావచ్చు" అన్నారొకసారి అన్నం ముందు కూర్చుని. నేను చారు పోశాను.

ఒక మధ్యాహ్నం దూరంగా గోల వినిపించింది. బడులు మూతపడి ఉండటంతో ఆయన ఇంట్లోనే ఉన్నారు. గోల మా సందు మలుపు తిరిగింది. "ఆంధ్రా సారు బయటికి రావాలె!" అన్న కేక వినగానే మా అమ్మాయి, "నాన్నా, నిన్ను పిలుస్తున్నారు" అని తలుపు వైపు పరుగెత్తింది. జబ్బ పట్టి వెనక్కి లాగాను. అదే క్షణాన వాకిట్లో మినప్పప్పు నానబోసిన గిన్నెలో రాయి వచ్చి పడింది. పప్పు గోడంతా చిందింది.

కిటికీ సందులోంచి చూశాను. ముందున్న కుర్రాళ్ళు నాకు తెలియదు. వాళ్ళ వెనక మా ఎదురింటి దర్జీ ఉన్నాడు. మెడలో టేపు అలాగే వేలాడుతోంది. ముందురోజు సాయంత్రమే మా అమ్మాయిని తన అరుగు మీద నిలబెట్టి, కితకితలు పెడుతూ గౌనుకు కొలతలు తీసుకున్నాడు. ఇప్పుడు పిడికిలి ఎత్తి అరుస్తున్నాడు. రాయి అతను విసిరిందా, మరెవరైనానా, నేను చూడలేదు. ఇప్పటికీ తెలియదు.

అవ్వ దుకాణం మెట్లు దిగి సందులోకి వచ్చింది.

"ఎవర్రా? మీ అయ్యలంత మా దుకాణంల గింజలు కొన్నోళ్లే గద. లోపల పసిపిల్ల ఉన్నది. రాయేసేటోడు ముంగటికి రాండ్రి, మొకం సూస్త."

ఎవరూ ముందుకు రాలేదు. కాసేపు అలాగే అరిచి పక్క వీధికి వెళ్ళిపోయారు. సాయంత్రం ఆమె చల్ల ముంత పట్టుకుని మా గదిలోకి వచ్చింది. కూర్చోలేదు.

"బిడ్డా, ఈయాల ఆగిండ్రు. రేపు నా మాట ఇంటరో ఇనరో. నా కొడుకు దుకాణం నడుపుకోవాలె. మీరు జర కొన్నొద్దులు ఏడికన్న పోయి రాండ్రి."

"ఖాళీ చెయ్యమంటున్నవా అవ్వా?"

"గట్లనకు. నా నోటితోని అనిపియ్యకు." ముంత కింద పెట్టి, మా అమ్మాయి తల నిమిరి వెళ్ళిపోయింది.

మర్నాడు మేం సామాను కడుతుంటే దర్జీ వచ్చాడు. చేతిలో మడతపెట్టిన గౌను. అడగకుండానే మెడ చుట్టూ లేసు కుట్టాడు.

"పాప గౌను అయిందక్కా. పొట్టిగుంటె చెప్పు, ఇప్పి కుడ్త."

మా అమ్మాయి దాన్ని ఒంటికి ఆనించుకుని గిర్రున తిరిగింది. అతను నవ్వాడు. ఎప్పుడూ నవ్వే నవ్వే. కట్టి పెట్టిన మూటల వైపు చూడలేదు, గోడ మీది పప్పు మరకల వైపూ చూడలేదు. నేను అతని ముఖంలో ఏదో ఒకటి కనిపిస్తుందని వెతికాను. నిన్నటిది ఏదీ అక్కడ లేదు. దానికే నాకు ఎక్కువ భయమేసింది.

మేం కోదాడ చేరాం. అటూ ఇటూ కాని ఊరు. ఒకే మనిషి ఒక మాటకు "ఉంటది" అని, మరో మాటకు "ఉంటుంది" అని అంటాడు. ఎవరూ పట్టించుకోరు. మా ఆయన సూర్యాపేట ఉద్యోగం వదిలేసి జగ్గయ్యపేటలో ఒక బడిలో చేరారు. రోజూ బస్సులో వెళ్ళి వచ్చేవారు. మూడేళ్ళు బాగానే గడిచాయి. బాగానే అంటే, వీధిలో నలుగురు గట్టిగా మాట్లాడుకుంటే ఆయన లేచి మా అమ్మాయి ఎక్కడుందో చూసుకునేవారు. అంతే.

డెబ్బై రెండు చివర్లో సరిహద్దుకు అటువైపు ఉద్యమం లేచింది. ఈసారి విడిపోతామన్నది వాళ్ళు. రైళ్ళు ఆగాయి, బస్సులు ఒకరోజు నడిస్తే ఒకరోజు నడవవు. ఆయనతో పనిచేసే మేష్టరొకాయన అందరి ముందూ అడిగాడట. "మీ ఆవిడ తెలంగాణ మనిషి. మీ కాపురం తెలంగాణలో. జీతం మాత్రం మా దగ్గరాండీ?" ఆ రోజు తిరుగు బస్సు మీద రాళ్ళు పడ్డాయి. ఇంటికొచ్చాక ఆయన తల దువ్వుతుంటే జుట్టులోంచి గాజుపెంకులు రాలాయి. నేను ఏడుస్తూ ఏరాను. ఆయన మాత్రం నవ్వారు.

"సూర్యాపేటలో ఆంధ్రావాణ్ణి. జగ్గయ్యపేటలో తెలంగాణ అల్లుణ్ణి. నేను నిలబడే చోటు ఈ రెండింటి మధ్యనున్న సుంకం నాకా ఒక్కటే. దాన్నీ తీసేశారు."

ఆ చలికాలమంతా ఆయన పిల్లల అట్లాసు ముందేసుకుని కూర్చున్నారు. విదేశాల్లో మనవైపు మేష్టర్లకు ఉద్యోగాలిస్తున్నారని ఎవరో చెప్పారు. ఏ దేశం మంచిది అని కాదు ఆయన వెతికింది. ఏ దేశంలో గొడవలు లేవు అని వెతికారు.

"బర్మా?" అన్నాను, నాకు మొదట తోచిన పేరు అదే.

"మనవాళ్ళు అక్కణ్ణుంచి కట్టుబట్టలతో తిరిగొచ్చారు."

"ఉగాండా అంటున్నారు గదా?"

"ఇప్పుడే కదా మన దేశంవాళ్ళనందరినీ తరిమేసింది! నైజీరియాలో యుద్ధం ఆరి ఎంతో కాలం కాలేదు." వేలు అలా జరుగుతూ పోయి ఇథియోపియా దగ్గర ఆగింది. "ఇదీ. నలభై ఏళ్ళు దాటింది, ఒకడే చక్రవర్తి. పార్టీలు లేవు, ఊరేగింపులు లేవు. చర్చి పక్కనే మసీదట. అక్కడ పనిచేసి సెలవు మీద వచ్చినాయన చెప్పాడు, చీమ చిటుక్కుమనదట."

ఆయన గొంతులో అంత ఆశ నేను పెళ్ళైన కొత్తలో కూడా వినలేదు. సరేనన్నాను.

బయల్దేరే ముందు మా నాయన గరిడేపల్లి నుంచి కోదాడ వచ్చాడు. అల్లుడి పక్కన మంచం మీద కూర్చుని చాలాసేపు చుట్ట కాల్చాడు.

"గాడ నిమ్మళంగ ఉంటదా సారూ?" అన్నాడు. మా వైపు నిమ్మళం అంటే కుదురుగా, ఏ గొడవా లేకుండా ఉండటం. అల్లుడిని కూడా సారు అనే పిలిచేవాడు.

"చాలా నిమ్మళం మామయ్యా. జనం అసలు గొడవే చెయ్యరు."

"ఎందుకు చెయ్యరు?"

మా ఆయన కాస్త తడబడి, "సుఖంగా ఉన్నారు కాబట్టి" అన్నారు.

"సుఖమున్నోడు గూడ లొల్లి చేస్తడు గద" అని మా నాయన అమాయకంగా నా వైపు చూశాడు. ముగ్గురం నవ్వుకున్నాం.

మమ్మల్ని పంపింది ఆ దేశానికి ఉత్తరాన, కొండల మీది ఊరికి. రేకుల ఇళ్ళు, ఎటు చూసినా నీలగిరి చెట్లు, పొద్దున్నే ఎముకలు కొరికే చలి. జనం తెల్లటి నూలు దుప్పట్లు కప్పుకుని తిరిగేవాళ్ళు. ఎదురుపడితే వంగి దణ్ణం పెట్టేవాళ్ళు. పెద్దమనిషి కారు పోతుంటే పనివాళ్ళు దారి పక్కకు జరిగి తలలు దించుకునేవాళ్ళు. గట్టిగా మాట్లాడుకునేవాళ్ళు కనిపించలేదు. మొదటి వారమంతా మా ఆయన పొద్దెక్కేదాకా నిద్రపోయారు. సూర్యాపేట తరువాత అలా నిద్రపోవడం నేను చూడలేదు.

మా ఇంటివెనక కంచె అవతల ఒకామె ఉండేది. భర్తకు ఏదో చిన్న సర్కారు ఉద్యోగం. ఆమె భాష నాకు రాదు, నా భాష ఆమెకు రాదు. పచ్చి కాఫీ గింజలు పెనం మీద వేయించి, ఆ పొగను నా ముఖం వైపు చేత్తో తోసేది, వాసన చూడమని. నేను ఉప్మా చేసి ఇస్తే కళ్ళు మూసుకుని తినేది. మా స్నేహమంతా అదే.

మా కిటికీలోంచి కింద పెద్ద రోడ్డు కనిపించేది. చలి ముదిరే రోజుల్లో ఆ రోడ్డు మీద పల్లెల నుంచి జనం రావడం మొదలైంది. ముందు ఒకటి రెండు కుటుంబాలు. వచ్చి నీలగిరి చెట్ల కింద కూర్చునేవాళ్ళు. వాళ్ళ దుప్పట్లు తెల్లగా లేవు, మట్టి రంగులో ఉన్నాయి. పొయ్యి పెట్టుకోరు, మాట్లాడుకోరు. మా ఆయన హెడ్‌మాస్టరును అడిగితే, "పండగకు వచ్చిన యాత్రికులు" అన్నాడట. ఆయన నమ్మారు. నేనూ నమ్మాను.

తరువాత చాలామంది వచ్చారు. చెట్ల కింద చోటు నిండిపోయింది. అప్పుడు నాకు అర్థమైంది, వాళ్ళ ఊళ్ళలో వానలు లేవు, పంటలు లేవు, తినడానికి ఏమీ మిగల్లేదు. పొద్దున్నే కిటికీ తీసేసరికి కొందరు లేచి కూర్చునేవాళ్ళు. కొందరు లేచేవాళ్ళు కాదు. బండి వచ్చి వాళ్ళను తీసుకుపోయేది. ఏడుపు వినిపించేది కాదు. ఊళ్ళో ఎవరూ దాని గురించి మాట్లాడేవాళ్ళు కాదు. బడిలో మాట్లాడకూడదు, రేడియోలో లేదు. దుకాణాల ముందు నుంచి పోతూ జనం అటువైపు తల తిప్పేవాళ్ళు కాదు.

మా నాయన అడిగిన ప్రశ్నకు జవాబు ఆ చెట్ల కింద కూర్చుని ఉంది. ఆ సంగతి నేను మా ఆయనకు చెప్పలేదు. ఆయనకు తెలుసు. ఒకరోజు భోంచేస్తూ మధ్యలో చెయ్యి ఆపి, "వీళ్ళు ఎందుకు అరవరు?" అన్నారు. "అరిచి మన కిటికీ మీద ఒక్క రాయన్నా ఎందుకు వెయ్యరు?" ఆ అన్నం ఆయన పూర్తి చెయ్యలేదు.

కంచె అవతలి ఆమె, నేను కలిసి గంజి కాచేవాళ్ళం. నేను మొదటిరోజు రోడ్డు మీదికి తీసుకెళ్తే పోలీసు వద్దని చేత్తో సైగ చేశాడు. అందుకని వెనకదారిన, కంచె దగ్గరికి వచ్చినవాళ్ళకు పోసేవాళ్ళం. మా అమ్మాయి ఈడు పిల్లతో ఒకామె రోజూ వచ్చేది. సూర్యాపేటలో కొన్న మా స్టీలు గిన్నె ఆమెకిచ్చాను. గంజి తాగే ముందు వంగి నా పాదం ముట్టుకునేది. వద్దని వెనక్కి జరిగితే, ఇంకా వంగేది. కొన్ని రోజులకు పిల్ల రాలేదు. ఆమె ఒక్కతే వచ్చింది. పిల్ల ఏదని సైగతో అడిగితే చెట్ల వైపు చూపించింది. అంతకు మించి ఆమె ముఖంలో ఏమీ లేదు. మరికొన్ని రోజులకు ఆమే రాలేదు. కంచె గుంజ మీద గిన్నె బోర్లించి ఉంది. బూడిదతో తోమి, తళతళలాడేట్టు కడిగి పెట్టింది.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం మా అమ్మాయి వాకిట్లో దుప్పటి కప్పుకుని పడుకుని కనిపించింది. జ్వరమేమోనని పరుగెత్తి దుప్పటి లాగాను. కళ్ళు తెరిచి విసుక్కుంది.

"అమ్మా, ముట్టుకోకు. బండి వచ్చేదాకా లేవకూడదు."

ఆడుకుంటోంది. దాన్ని ఎత్తుకుని లోపలికి తెచ్చి తలుపేశాను. కిటికీ కూడా మూస్తుంటే, "చలా అమ్మా?" అని అడిగింది.

తరువాత సంగతులు తొందరగా జరిగాయి. ఒకరోజు ఆయన మధ్యాహ్నమే ఇంటికి వచ్చారు. చేతులకు సుద్దపొడి అలాగే ఉంది.

"పిల్లలు క్లాసులోంచి లేచి వెళ్ళిపోయారు. రోడ్డు మీద అరుస్తున్నారు."

"ఏమని?"

"చెట్ల కిందివాళ్ళకు అన్నం పెట్టమని."

నాకు భయం వేయాలి. కానీ ఆయన ముఖం చూస్తే, చాలాకాలం ఊపిరి బిగబట్టి వదిలినవాడి ముఖంలా ఉంది. సాయంత్రానికి సైనికులు వచ్చారు. బడి మూశారు. తుపాకుల చప్పుడు విన్నాం. ఆ క్లాసులో కొన్ని బెంచీలు తరువాత ఖాళీగానే ఉండిపోయాయి. వాళ్ళు ఏమయ్యారో చెప్పినవాళ్ళు లేరు.

మరుసటి ఏడు చక్రవర్తిని దించేశారు. సైన్యం రాజ్యానికొచ్చింది. మొదట్లో ఊళ్ళో పండగలా ఉంది, ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా కావలించుకున్నారు. కొన్ని నెలలకు మళ్ళీ గొంతులు తగ్గాయి. ఒక పొద్దున కంచె అవతలి ఆమె భర్తను ఎవరో వచ్చి తీసుకుపోయారు. ఆమె కంచె దగ్గర నిలబడి నాకు ఏదో చెప్పింది, చాలాసేపు చెప్పింది. ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆమె చేతులు పట్టుకుని తెలుగులో, "ఊరుకో, వస్తాడు" అన్నాను. రెండు రోజులకు ఆ ఇంటికి తాళం పడింది. ఆమె చెప్పింది ఏమిటో ఇన్నేళ్ళయినా నాకు కావాలి. ఒక్కోసారి కల్లో మళ్ళీ చెబుతుంది. కల్లో కూడా అర్థం కాదు.

మేం తిరిగొచ్చింది డెబ్బై అయిదు వానాకాలంలో. హైదరాబాదులో బస్సెక్కినప్పుడు మా ఆయన ఉత్సాహంగా ఉన్నారు. పక్క సీటాయనను, "ఏమిటండీ విశేషాలు? ప్రభుత్వం ఎలా ఉంది?" అని అడిగారు. ఆయన మమ్మల్ని ఎగాదిగా చూసి, "బస్సులు టైముకు పోతున్నయి" అని ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు. ఎమర్జెన్సీ పెట్టిన కొత్త. దారిపొడవునా గోడల మీద క్రమశిక్షణ గురించి రాసిన కొత్త రాతలు. సూర్యాపేట దాకా బస్సులో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. మా ఆయన ఉత్సాహం నెమ్మదిగా ఆరిపోవడం చూశాను.

సూర్యాపేటలో దిగి అవ్వను చూడటానికి వెళ్ళాం. బాగా ముసలిదైపోయింది. మా అమ్మాయిని దగ్గరికి తీసుకుని ముఖమంతా తడిమింది.

"ఎంత ఎదిగిందే! ఏం బిడ్డా, గా దేశం మంచిగుండెనా? ఈడ మనకాడ సూడు, మన బడి సారునొకాయన్ని పట్కపోయిండ్రు. ఏం చేసిండని..."

"అమ్మా!" అన్నాడు కొడుకు దుకాణంలోంచి. గట్టిగా కాదు, చాలా మెల్లగా. "గా ముచ్చట్లు ఇప్పుడొద్దు."

అవ్వ నోరు మూసుకుంది. ఒకప్పుడు గుంపు ముందు నిలబడి మొహం చూపించమన్న మనిషి. మా ఆయన తల దించుకుని గచ్చు వైపు చూస్తూ కూర్చున్నారు. బయటికి వచ్చాక నాతో ఒకే మాట అన్నారు. "ఈ మాట తీరు నేనెరుగుదును. అక్కడ హెడ్‌మాస్టరు కూడా ఇంత మెల్లగానే మాట్లాడేవాడు."

ఎదురింటి దర్జీ కొట్టు అక్కడే ఉంది. అతను మిషను మీద వంగి కుడుతున్నాడు. నేను పలకరించాను. తల ఎత్తి గుర్తుపట్టి, "మంచిగున్నరా అక్కా?" అన్నాడు. మంచిగున్నామన్నాను. ఇంకేదో అందామనుకున్నాను, ఆరేళ్ళుగా అనుకుంటున్నదే. అతని కళ్ళకు అద్దాలు వచ్చాయి. సూదిలో దారం ఎక్కించలేక తంటాలు పడుతున్నాడు. నేనే తీసుకుని ఎక్కించి ఇచ్చి వచ్చేశాను.

మిర్యాలగూడలో ఉద్యోగం దొరికింది. సాగర్ కాలువ నీళ్ళొచ్చి ఆ ఊరు మిల్లుల ఊరైంది. అటువైపు నుంచి వచ్చి పొలాలు కొన్నవాళ్ళు, ఇక్కడి రైతులు, వ్యాపారులు, అందరూ కలగాపులగం. నువ్వు ఎటువాడివని అడిగే తీరిక ఎవరికీ లేదు, వడ్ల రేటు అడుగుతారు. రైస్‌మిల్లు వెనక సందులో ఇల్లు తీసుకున్నాం. పొద్దస్తమానం మిల్లు మోత. గోడలు సన్నగా అదిరేవి. చూడవచ్చిన చుట్టాలు, ఈ చప్పుడులో ఎలా ఉంటున్నారనేవాళ్ళు. మా ఆయనకు ఆ చప్పుడే కావాలి. కరెంటు పోయి మిల్లు ఆగితే చదువుతున్న పుస్తకం మూసి వీధిలోకి వెళ్ళేవారు. రోడ్డు ఇటు చివర నుంచి అటు చివర దాకా చూసేవారు. ఎవరి కోసమని నేను అడగలేదు. మిల్లు మళ్ళీ మొదలైతే లోపలికి వచ్చేవారు.

ఒకరోజు పక్కింటావిడ ఆయాసపడుతూ వచ్చింది. "జర వచ్చి సూడు వదినా, పిల్లలేం చేస్తున్రో!" మిల్లు వెనక వాకిట్లో ఆ సందు పిల్లలు నలుగురైదుగురు వరసగా పడుకుని ఉన్నారు. ఒక్కొక్కరి మీద ఖాళీ గోనె కప్పి ఉంది. మా అమ్మాయి వాళ్ళ మధ్య కాళ్ళ చప్పుడు కాకుండా తిరుగుతోంది. నన్ను చూడగానే పెదవుల మీద వేలు పెట్టింది. తనకు అప్పటికి పదేళ్ళు, ఆట అని సరిపెట్టుకోవడానికి లేదు.

ఇంటికి తీసుకొచ్చి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. వాళ్ళ నాన్న కూడా వచ్చి పక్కన కూర్చున్నారు. కొండల ఊరి నుంచి వచ్చాక ముగ్గురం ఆ సంగతి ఎత్తడం అదే మొదటిసారి.

"వాళ్ళందరూ ఏమయ్యారు నాన్నా?" అంది.

"చచ్చిపోయారమ్మా."

"అందరూనా?"

"అందరూ కాదు. కొందరు."

"మరి ఎవరూ ఎందుకు ఏడవలేదు?"

ఆయన ఏడ్చారు. నా ఎదుట అలా ఏడవడం అదొక్కసారే. మా అమ్మాయి కాసేపు బిత్తరపోయి చూసి, తనూ ఏడ్చింది. తరువాత ఆ ఆట మళ్ళీ ఆడలేదు. పెద్దదయ్యాక, అలాంటి ఆట ఆడినట్టే గుర్తులేదంది. ఉండొచ్చు. గుర్తున్నవాళ్ళం మేమిద్దరం ఉన్నాం కదా.

ఎమర్జెన్సీ పోయి, ఎన్నికలొచ్చి, మిర్యాలగూడ వీధులు మైకులతో మళ్ళీ దద్దరిల్లాయి. ఆ తరువాతి ఎండాకాలం మా సందులో అద్దెకుండే కుర్రాడొకడు మా ఇంటికొచ్చాడు. పెన్‌పహాడ్ వైపువాడు, తాపీపని చేసేవాడు. గల్ఫులో పని దొరికిందట. మేం బయటి దేశం చూసొచ్చినవాళ్ళమని సలహా అడగడానికి పెళ్ళాన్ని కూడా తీసుకొచ్చాడు. ఆ పిల్ల గుమ్మం దగ్గరే నిలబడింది.

"సారూ, గాడ లొల్లి గిట్ల ఏం లేదంటున్నరు. రాజే అన్ని సూసుకుంటడంట. మంచిగ నిమ్మళంగ ఉంటదంట. పోవచ్చు గద?"

మా ఆయన నా వైపు చూశారు. నేను ఆయన వైపు చూశాను. ఎక్కడ మొదలుపెట్టాలి? అతనికి అప్పటికే పాస్‌పోర్టు వచ్చింది, ఆ పిల్ల కళ్ళనిండా ఆశ ఉంది. ఆ దేశం ఎలాంటిదో మాకేం తెలుసు? మేం చూసింది వేరే దేశం. నోరు తెరిస్తే ఏమేం బయటికొస్తాయోనని నాకు భయమేసింది.

"పోయి రా నాయనా" అన్నారు మా ఆయన చివరికి. "ఆరోగ్యం చూసుకో."

నాకేదో ఒకటి చెప్పకపోతే ఊపిరాడదనిపించింది. "పొద్దుగాల చలి బాగుంటది. ఉన్ని బట్టలు పెట్టుకో" అన్నాను.

అతను నవ్వాపుకోలేకపోయాడు. "గాడ ఎండలు మండుతయంట గదమ్మా!"

పెళ్ళాం కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను అప్పటికే లోపలికి వెళ్ళి పెట్టె తెరుస్తున్నాను. కొండల ఊళ్ళో ఆయన వేసుకున్న పాత స్వెట్టరు తెచ్చి చేతిలో పెట్టాను. వద్దనడానికి మొహమాటపడి తీసుకున్నాడు. మర్నాడు పొద్దున బస్టాండు వైపు పోతూ మా గుమ్మం ముందు ఆగి దణ్ణం పెట్టాడు. తల మీద రేకు పెట్టె. అప్పటికే ఎండ చురుక్కుమంటోంది, ముఖమంతా చెమట. స్వెట్టరు చంకలో పెట్టుకున్నాడు.